నవ్వులపాలైన ఏడుపు

కొత్తగూడెం సమ్మయ్య సినిమాల్లో ఎప్పుడూ నవ్వించే వేషాలే వేశాడు. 2006లో పాత స్నేహితుడు, దర్శకుడు ప్రేమ్‌సాగర్ అతనికి బిడ్డను పోగొట్టుకున్న తండ్రి పాత్ర ఇచ్చాడు. భద్రాచలం అడవిలో షూటింగ్ జరిగింది. జ్వరంతో పోయిన తన కూతురిని తలుచుకుని సమ్మయ్య నిజంగానే ఏడ్చాడు.

విడుదల రోజు భార్య వనజతో ఖమ్మంలో సినిమా చూశాడు. అతని ఏడుపు మీద మేక అరుపులు కలిపారు. హాలంతా పగలబడి నవ్వింది. వనజ కొంగుతో మొహం కప్పుకుంది.

సమ్మయ్య బయటికొచ్చి ప్రేమ్‌సాగర్‌కు ఫోన్ చేశాడు.

"గిట్ల ఎందుకు చేసినవ్‌రా?"

"నువ్వు ఏడిస్తే ఎవరు చూస్తరు? జనం నవ్వుతుండ్రు గదా!"

"నా బిడ్డ పాడె మోసినోడివి నువ్వే గదరా."

ప్రేమ్‌సాగర్ ఫోన్ పెట్టేశాడు.

తర్వాత కూడా సమ్మయ్య బతుకుదెరువు కోసం నవ్విస్తూనే ఉన్నాడు. ప్రేమ్‌సాగర్ ఇంటికొస్తే మాత్రం తలుపు తీయలేదు.