దీవెన తెచ్చిన గొట్టం

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆరో తరగతి గది నిండా రంగు వాసన. మొయినాబాద్‌లోని ఆ చిన్న ప్రైవేటు బడిలో డ్రాయింగ్ చెప్పే ప్రేమజ్యోతి, దారిలో దొరికిన వస్తువులు తెచ్చుకోమని పిల్లలకు ముందురోజే చెప్పింది. తెగిన చెప్పు అడుగు, సీసా మూతలు, మొక్కజొన్న బెండు, సైకిల్ చైను ముక్క, ఎవరికి దొరికింది వాళ్లు తెచ్చుకున్నారు. వస్తువుకు రంగు పూసి, మీద కాగితం పరిచి, చెంచా వెనకవైపుతో రుద్దితే అచ్చు పడుతుంది. అల్లరి పిల్లలు కూడా మాటలు మరిచిపోయి రుద్దుతున్నారు.

దీవెన మాత్రం బెంచీ దిగి వెనక నేల మీద కూర్చుంది. ఆ పిల్లదీ ప్రేమజ్యోతిదీ ఒకే ఊరు, ఆలూరు. రోజూ ఒకే బస్సులో వస్తారు.

"కింద కూసున్నవేంది?" అంటూ ప్రేమజ్యోతి దగ్గరికి వెళ్లింది.

"ఇది గుండ్రంగ ఉన్నది టీచర్. ఉత్త గీత లెక్క పడుతున్నది. జర చదునుగ కొడుతున్న."

దీవెన ఎడమచేతి వేళ్ల మధ్య చిటికెన వేలంత అల్యూమినియం గొట్టం ఉంది. దాని కొసన కత్తిరించిన రెండు వైర్లు, ఒకటి ఎర్రది, ఒకటి పసుపుపచ్చది. కుడిచేతిలో రాయి.

ఆ గొట్టమేమిటో ప్రేమజ్యోతికి తెలుసు. బండలో కూరిన మందును పేల్చే డిటొనేటర్ అది, దెబ్బ తగిలినా వేడి తగిలినా పేలుతుంది. ఆమె తండ్రి శాంతయ్య పదేళ్లు క్వారీలో పనిచేశాడు. అలాంటిదే చేతిలో పేలి రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు.

అరవబోయి ఆగింది. అరిస్తే పిల్ల ఉలిక్కిపడుతుంది. ప్రేమజ్యోతి మోకాళ్ల మీద కూర్చుని చెయ్యి చాపింది.

"ఆ రాయి నాకియ్యి. చూస్త."

దీవెన ఇచ్చింది.

"ఇప్పుడు ఆ గొట్టం మెల్లగ నా కొంగు మీద పెట్టు. ఇసిరెయ్యకు."

పిల్ల ఆమె ముఖంలోకి చూసి, ఎందుకో అడగకుండా, పెట్టింది. ప్రేమజ్యోతి కొంగును కదలనివ్వకుండా గొట్టాన్ని గోడవార నేల మీదికి దించింది. అందరినీ లేవమంది. సంచులు ముట్టుకోవద్దని, వరుసగా నడిచి గ్రౌండ్‌లోకి పొమ్మని చెప్పింది. ఇరవై ఎనిమిది మంది గడప దాటేదాకా లెక్కపెట్టుకుంటూ నిలబడి, తలుపు మూసి గడియ పెట్టింది. హెడ్మాస్టర్ కృపాకర్ వరండాలోకి పరుగెత్తుకొచ్చాడు. సంగతి విని వెంటనే పోలీసులకు ఫోన్ కలిపాడు.

ప్రేమజ్యోతి దీవెనను పక్కకు తీసుకెళ్లింది. "యాడ దొరికిందమ్మా?"

"మా ఊరి అవతల బండ పగలగొడుతున్నరు గద, ఆడ."

"ఒక్కటేనా?"

"నాలుగు. మూడు ఇంట్ల ఉన్నయి."

"ఇంట్ల యాడ?"

"పొయ్యి మీది గూట్ల, చాయపత్తి డబ్బల. పొద్దుగాల బడికొచ్చేటప్పుడు దాచిన."

దీవెన అమ్మానాన్నలు అజీజ్‌నగర్‌లో ఒక ఫామ్‌హౌస్ తోటపనికి పోతారు. పగలంతా ఇంట్లో ఉండేది నాయనమ్మ ధనమ్మ ఒక్కతే. గోడ మీద గడియారం పావుతక్కువ మూడు చూపిస్తోంది. ముసలామె చాయ పెట్టుకునే వేళ. ఆమె నంబరుకు మూడుసార్లు చేసినా ఎత్తలేదు. ప్రేమజ్యోతి తండ్రికి చేసింది.

"బాపు, జర ధనమ్మవ్వ ఇంటికి ఉరుకు. పొయ్యి మీది గూట్ల చాయపత్తి డబ్బ ఉన్నది. దాంట్ల డిటొనేటర్లు ఉన్నయి, మూడు."

ప్రమాదం తర్వాత శాంతయ్య క్వారీ వైపు దారిలో కూడా నడవలేదు. "పోతున్న. ఫోన్ పెట్టకు," అన్నాడు.

చెప్పుల చప్పుడు, రొప్పు, ఎవరింట్లోనో కుక్క మొరుగు. తర్వాత ధనమ్మ గొంతు దూరంగా వినిపించింది. "ఏంది శాంతయ్యా, గట్ల ఉరుకొస్తున్నవు? ఉండు, చాయ తాగుదువు."

"పొయ్యి ఎలిగించినవా?"

"ఎసరు మరుగుతున్నది. చాయపత్తి డబ్బకే చెయ్యి పెడుతున్న."

"చెయ్యి తియ్యి. జరుగు." గ్యాస్ మీట తిప్పిన చప్పుడు వచ్చింది.

"బాపు, నువ్వు ముట్టకు. అవ్వను బయటికి తీసుకురా," అంది ప్రేమజ్యోతి.

ధనమ్మ సణుగుతోంది. ఆమెను ఎలా నడిపించాడో గానీ, కొంతసేపటికి శాంతయ్య మాట్లాడాడు. "వాకిట్లకొచ్చినం బిడ్డా. పక్కింటోళ్లను గూడ లేపిన. నేను ఈడనే నిలబడుత, ఎవ్వల్ని లోపలికి పోనియ్య."

ఆలూరుకు కూడా పోలీసులను పంపించమని ప్రేమజ్యోతి కృపాకర్‌తో మళ్లీ ఫోన్ చేయించింది.

సాయంత్రానికి బాంబు స్క్వాడ్ రెండు చోట్లా వచ్చి నాలుగింటినీ తీసుకుపోయింది. నాలుగింటిలోనూ మందు ఇంకా పేలకుండా అలాగే ఉందని వాళ్లు చెప్పారు. బండ పని చేయించే కాంట్రాక్టరు మొదట అవి తనవి కావన్నాడు. అతని దగ్గరున్న డిటొనేటర్ పెట్టెల మీది నంబర్లు ఈ గొట్టాల నంబర్లతో సరిపోయాక పోలీసులు కేసు రాసుకుని పని ఆపించారు.

ఇంటికి వెళ్లే బస్సులో దీవెన కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చేవెళ్ల దాటాక ఇటు తిరిగింది.

"టీచర్, నన్ను బడి నుంచి తీసేస్తరా?"

"ఎందుకు తీసేస్తరు? దొరికింది తెమ్మన్నది నేను. ఏది ముట్టొద్దో చెప్పాల్సింది గూడ నేనే. చెప్పలే."

"మా అవ్వ కొడతది."

"నేను వస్త. నా ముందట కొట్టదు."

ఆలూరులో దిగేసరికి ధనమ్మ బస్సు దగ్గరే నిలబడి ఉంది. మనవరాలిని చూడగానే చెయ్యి ఎత్తింది. ప్రేమజ్యోతి మధ్యలోకి వచ్చేలోగా ఆ చెయ్యి పిల్ల మెడ చుట్టూ పడి, దగ్గరికి లాక్కుంది. దీవెన ఆమె నడుము పట్టుకుని, అంతసేపూ ఆపుకున్న ఏడుపు ఏడ్చేసింది.