కుంటి పెట్ట

దొర్కా కోళ్ళ జోలికి వెళ్ళినవాడికి ఆ కొండ మీద మంచినీళ్ళు కూడా పుట్టవు. తను గంజి తాగి వాటికి నూకలు వేసేది. అడవిపిల్లి వాసన తగిలితే చాలు, కర్ర పుచ్చుకుని వెదురింటి నిచ్చెన దిగి శివాలెత్తేది. కొడుకు టామ్లా నెలల తరబడి కోడికూర మొహం చూసి ఎరగడు. "ఇంట్లో పెరిగేది కోళ్ళా, దొరబిడ్డలా?" అని ఒకసారి గొణిగితే, "నువ్వు కంటావా బిడ్డని? కంటే నీకే వండిపెడతాను" అంది.

అదీ సంగతి. కోడలు లాసే నీళ్ళోసుకుంది. బాలింతకు నెల్లాళ్ళూ మిరియాలు దంచి వేసిన కోడిపులుసు పట్టనిదే బర్మా సరిహద్దులోని ఆ కరెన్ కొండల్లో అత్తను అత్త అనరు. పైగా ఇది రెండో కాన్పు. తొలికాన్పులో బిడ్డ అడ్డం తిరిగింది. నొప్పులు వచ్చాక, ఇంకాసేపు చూద్దాం, ఇంకాసేపు చూద్దాం అంటూ కూర్చున్నారు. చివరికి డోలీ కట్టి నది దాకా మోసుకెళ్ళేసరికి రేవులో పడవ లేదు, బిడ్డలో ప్రాణం లేదు. ఆ రోజంతా లాసే చెయ్యి వదలకుండా పట్టుకున్నది దొర్కాయే. ఆ చెయ్యి చల్లబడటం, మళ్ళీ వేడెక్కడం ఆమెకు ఇంకా గుర్తుంది.

ఈసారీ బిడ్డ అడ్డంగానే ఉందని పొట్ట తడిమిచూసిన నర్సమ్మ కచ్చితంగా చెప్పింది. "నొప్పులు మొదలవకముందే కింది ఊరి ఆస్పత్రిలో ఉండాలి. వానలు ముదిరితే సాల్వీన్ నదిలో పడవలు తిరగవు, తెలుసుగా?" తెలియకేం. సోమవారం పొద్దున పడవకు వెళ్ళాలని నిశ్చయమైంది. ఆదివారం సాయంత్రం ఇంట్లో ప్రయాణపు ప్రార్థన, పాస్టరుగారికి భోజనం.

ఆ భోజనానికి దొర్కా గుండె రాయి చేసుకుని నల్ల పెట్టను కోసింది. కుండ పొయ్యి మీదికెక్కించి, కోడలికి అప్పగించి, వాగు అవతలి ఊరికి పాస్టరుగారిని పిలుచుకురావడానికి వెళ్ళింది. ముసలాయన, మెల్లగా నడుస్తాడు. ఆయన వెంట బయల్దేరిన పాటల బృందం కుర్రకారు మాత్రం మెల్లగా నడిచే రకం కాదు. వీళ్ళిద్దరూ వాగు దాటేలోపే వాళ్ళు ఇంటికి చేరి, చాపలు పరుచుకుని, కూర వాసన పీలుస్తూ కూర్చున్నారు.

ప్రార్థన బాగా జరిగింది. పాటలు ఇంకా బాగా జరిగాయి. అన్నాలు వడ్డిస్తుంటే దొర్కాకు కళ్ళు తిరిగాయి. ఎంతమందికి వడ్డించినా కూర అయిపోవడం లేదు!

"దొర్కమ్మా, నువ్వు కోసింది కోడినా ఏనుగునా?" అన్నారు పాస్టరుగారు గిన్నె మళ్ళీ చాపుతూ.

"ఐదు రొట్టెలు అంతమందికి పంచినవాడికి ఒక కోడిపెట్ట లెక్కా అయ్యగారూ?" అంది దొర్కా. అంటుంటే ఆమె కళ్ళు చెమర్చాయి. లాసేకు పొలమారింది. టామ్లా గిన్నెలోంచి తల ఎత్తలేదు.

అక్కడితో చేతులు కడుక్కుని పడుకుని ఉంటే ఈ కథ లేదు. కానీ దొర్కా తండ్రి, బాప్తిస్మం తీసుకోకముందు, ఎముకలు చూసేవాడు. కోడి తొడ ఎముకలకు సన్నటి బెజ్జాలుంటాయి. వాటిలో వెదురు పుల్లలు గుచ్చితే అవి ఎటు వాలాయో చూసి ప్రయాణం, పెళ్ళి, పంట అన్నీ చెప్పేవాడు. కుడి ఎముక ఇంటిది, ఎడమ ఎముక దారిది. రెండు పుల్లలూ ఒకవైపే వాలితే సుఖంగా వెళ్ళి సుఖంగా రావచ్చు. ఎదురెదురుగా వాలితే వెళ్ళినవాళ్ళు తిరిగి రారు. పిల్లప్పుడు తండ్రి ఒళ్ళో కూర్చుని ఆమె ఇదంతా నేర్చుకుంది. గుడిలో ముందు వరుసలో కూర్చునే మనిషి, ఆదివారం బడి పిల్లలకు పాఠం చెప్పే మనిషి. ఏం లాభం? పుట్టుకతో వచ్చిన బుద్ధి అంత తేలిగ్గా పోతుందా?

తొలికాన్పుకు ఆమె ఎముక చూడలేదు. "నేను దేవుణ్ణి నమ్మినదాన్ని, ఇవన్నీ నాకెందుకు" అనుకుంది. బిడ్డ పోయింది. చూసి ఉంటే ముందే తెలిసేదేమో అన్న ముల్లు అప్పటినుంచీ లోపల గుచ్చుకుంటూనే ఉంది. అందుకే అందరూ వెళ్ళిపోయాక, పాస్టరుగారి గిన్నెలోంచి కుడి ఎముక, తన గిన్నెలోంచి ఎడమ ఎముక తీసి, కొంగున తుడిచి, పొయ్యి వెలుగులో పుల్లలు గుచ్చింది.

ఒకటి అటు వాలింది. ఒకటి ఇటు వాలింది.

దొర్కా పుల్లలు తీసి మళ్ళీ గుచ్చింది. మళ్ళీ అంతే.

పొద్దున్నే రేవులో పడవవాడు క్లే బూర ఊదాడు. దొర్కా చాప మీదనుంచి లేవలేదు.

"మోకాళ్ళు పట్టేశాయిరా. వచ్చే వారం పోదాం."

"వచ్చే వారమా? నిన్న పైకొండల్లో వాన పడింది, నీళ్ళ రంగు చూశావా? నది నీ మోకాళ్ళ కోసం ఆగుతుందా?" అన్నాడు టామ్లా.

"అయితే మీరు కూడా ఆగండి."

"అమ్మా, నర్సమ్మ చెప్పింది నువ్వూ విన్నావు! మళ్ళీ డోలీ కట్టమంటావా?"

ఆ మాటకు దొర్కా మొహం గోడవైపు తిప్పుకుంది. లాసే పొట్ట పట్టుకుని మెల్లగా ఆమె పక్కన కూర్చుంది. "అత్త వద్దంటే ఏదో కారణం ఉంటుంది. నువ్వు రాకపోతే నేనూ వెళ్ళను అత్తా. ఆ రోజు నా చెయ్యి పట్టుకుంది నువ్వు. ఇంకొకళ్ళు పట్టుకుంటే నాకు ధైర్యం చాలదు."

అది విన్నాక దొర్కాకు చచ్చిపోదామనిపించింది. పంపితే దారిలో పోతుంది, పంపకపోతే ఇంట్లో పోతుంది. ఎవరితో చెప్పుకోవాలి? పాస్టరుగారితోనా?

కింద కోళ్ళ గోల లేచింది. టామ్లా గంప తీసి వాటి వెంట పడ్డాడు. "నువ్వు రాకపోతే మానె, నీ కోళ్ళు వస్తాయి! క్లేని ఆగమన్నాను!" రెక్క పట్టుకుని లాగుతున్నాడని అరుపును బట్టే తెలుస్తోంది. దొర్కా మోకాళ్ళ నొప్పి ఎటు పోయిందో, నిచ్చెన రెండంగల్లో దిగింది.

"చచ్చినోడా, రెక్క విరుగుతుంది! కాళ్ళు పట్టుకోవాలి, కాళ్ళు!" అంటూ గంప లాక్కుని తనే ఒక్కొక్కదాన్ని పట్టి లోపల పెట్టింది. ఎర్రది, చుక్కలది, బోడమెడది, గోధుమరంగుది. చుట్టూ చూసింది. "కుంటిదేది?"

టామ్లా వంగి నేలమీద రాలిన ఈకలు ఏరసాగాడు.

"కుంటి పెట్ట ఏదిరా? పిల్లి ఎత్తుకుపోయిందా?"

"పిల్లి కాదు అత్తా," నిచ్చెన మీదనుంచి లాసే గొంతు సన్నగా వచ్చింది. "నిన్న పాటలవాళ్ళు ముందే దిగబడ్డారు కదా. ఒక్క కోడి ఏ మూలకి? నేనే ఈయనతో దాన్ని కూడా కోయించాను. రెండూ ఒకే కుండలో వేశాను. నువ్వు తిడతావని చెప్పలేదు."

దొర్కా గంప పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఐదు రొట్టెలు కావు, రెండు కోళ్ళు! పాస్టరుగారి గిన్నెలోని కుడి ఎముక ఒకదానిది, తన గిన్నెలోని ఎడమ ఎముక ఇంకోదానిది అయినా అయి ఉండవచ్చు. ఒక కోడి ఇల్లు, ఇంకో కోడి దారి! ఆమె తండ్రి బతికి ఉంటే వీపు విమానం మోత మోగేది. మొదట నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అంతా చెప్పేసింది.

టామ్లా నోరు వెళ్ళబెట్టాడు. "ఆదివారం బడి టీచరమ్మ!" అన్నాడు చివరికి.

లాసే నవ్వలేదు. "అత్తా, ఒక మాట అడుగుతాను. అవి రెండూ ఒకే కోడివైతే? నన్ను ఇక్కడే ఉంచేసేదానివా?"

 అత్తాకోడళ్ళుగా ఉన్నన్నాళ్ళలో లాసే ఆమెను అంత సూటిగా అడగడం అదే మొదలు.

"మిగిలిన రెండు ఎముకలూ పైన ఎంగిలి తొట్టిలోనే ఉన్నాయి," అంది లాసే. "కావాలంటే జతలు సరిచూసుకో."

క్లే మళ్ళీ బూర ఊదాడు. దొర్కా పైకి వెళ్ళి, నాలుగు ఎముకలనూ భుజం సంచిలో వేసుకుని దిగింది. చూడలేదు. పారెయ్యనూ లేదు. "గంప ఎత్తరా," అంది కొడుకుతో.

నది ఎర్రగా, కోపంగా ఉంది. పడవ చిన్నది, మోటారు చప్పుడు పెద్దది. "ఇదే ఆఖరి తడవ, రేపటినుంచి నేను రేవు దిగను" అన్నాడు క్లే. సుడులున్న మలుపు దగ్గరికి రాగానే పడవ ఒక పక్కకు ఒరిగి, నీళ్ళు లాసే ఒళ్ళోకి చిమ్మాయి. కోళ్ళు గగ్గోలు పెట్టాయి. దొర్కా ఒక చేత్తో కోడలి చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్ళింది. వేళ్ళకు బెజ్జాలు తగులుతున్నాయి. ఏ రెండు ఏ కోడివో పొడవు బట్టి పోల్చడం ఆమెకు కష్టమేం కాదు.

లాసే చూసింది. "చూడాలనుంటే చూడు అత్తా, నేనేం అనుకోను. కానీ అవి ఏం చెప్పినా క్లే పడవ తిప్పడు."

దొర్కా వెనక్కి తిరిగి, తాము పడవెక్కిన ఒడ్డువైపు చూసింది. ఆనాడు డోలీ దింపిన రేవు అదే. ఆ ఇసుకలోనే కూర్చుని తను గుండెలు బాదుకుంది. ఇన్నాళ్ళూ ఎముక చూడనందుకు బిడ్డ పోయిందనుకుంది. ఎముక ఏం చేసేది? ఆ రోజు ఇంకాసేపు చూద్దామన్నది తను. ఆలస్యంగా కదిలారు, పడవ దొరకలేదు, అందుకు పోయింది. ఇవాళ పొద్దున చాప మీద పడుకుని తను మళ్ళీ అదే పని చేయబోయింది.

ఇవాళ పడవ ఉంది. తండ్రీ, నీకు స్తోత్రం, పడవ ఉంది.

పిడికిలి నిండా ఎముకలు తీసి నదిలోకి విసిరేసింది. ఎటు పడ్డాయో కూడా చూడలేదు. ఆ చేత్తో కూడా కోడలి చెయ్యి పట్టుకుంది.

ఆస్పత్రికి చేరిన మూడోనాడు లాసేకు నొప్పులు వచ్చాయి. డాక్టరమ్మ పొట్ట కోసి బిడ్డను తీసింది. ఆడపిల్ల. తల నిండా జుట్టు, గొంతు పాటల బృందమంతా కలిపినంత. అప్పటికి నదిలో పడవలు ఆగిపోయాయి. వాన ఆగకుండా కురుస్తోంది.

పులుసు తాగవచ్చునని డాక్టరమ్మ చెప్పిన పూట, దొర్కా ఆస్పత్రి వెనక వంటపాకలో ఎర్ర పెట్టను కోసి, మిరియాలు దంచి వేసి, చెమటలు కక్కుతూ వండి తెచ్చింది. లాసే ముక్కలన్నీ తిని, తొడ ఎముకను శుభ్రంగా చీకి, దొర్కా మొహం ముందు ఆడించింది.

"ఇదిగో అత్తా. ఈసారి ఒకటే కోడి. చూస్తావా మరి?"

"పోవే, నీ వేళాకోళం మండ!" అంది దొర్కా. మనవరాలు ఆమె ఒళ్ళో చిటికెనవేలు పట్టుకుని నిద్రపోతోంది. వేలు వదిలించుకుంటే లేస్తుందేమోనని ఆమె కదలలేదు. "నాకు చేతులు ఖాళీ లేవు. ఆ గుమ్మంలో కుక్కకు వేసెయ్యి."