ఇంకా ఇరవై రెండు మ్యాచ్‌లు

ప్రేమ్‌నాథ్ పరాయిదేశం వచ్చి, హేస్ అనే ఊళ్లో ఎయిర్‌పోర్ట్ కార్గో గోడౌన్‌లో చేరిన మొదటి రోజే సూపర్‌వైజర్ టెర్రీ అడిగాడు, "నీ టీమ్ ఏది?" అని. బాపట్లలో ఉన్నన్నాళ్లూ ప్రేమ్‌నాథ్ ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా చూసి ఎరగడు. ఆ పొద్దున బస్టాపులో కనపడిన పోస్టరు మీది పేరు చెప్పేశాడు. అది ఆ చుట్టుపక్కలే ఉన్న ఓ చిన్న క్లబ్బు. టెర్రీ మొహం వెలిగిపోయింది. అతనూ, అతని అన్న డేవూ చిన్నప్పట్నించీ ఆ క్లబ్బుకే అభిమానులట. భుజం మీద చెయ్యేసి గోడౌనంతా తిప్పి చూపించాడు. ఆ తర్వాత టెర్రీ వేసే షిఫ్టుల పట్టికలో, అదే రోటాలో, ప్రేమ్‌నాథ్‌కి నైట్ షిఫ్ట్ ఎప్పుడూ పడలేదు.

అది 2008. ఆరేళ్లపాటు ఆ ఒక్క మాటతో నెట్టుకొచ్చాడు. బ్రేక్‌కి ముందు బాత్రూమ్‌లో నిలబడి, పరీక్ష హాల్లోకి వెళ్లబోయేవాడు నోట్సు తిరగేసినట్టు, ఫోన్‌లో క్లబ్బు వార్తలు చదువుకునేవాడు. ఒకసారి ఏదో ఒకటి అనాలి గదా అని, "ఈ మేనేజరు క్రిస్మస్ దాకా ఉండడు" అన్నాడు. జట్టుని నడిపించేవాడు మేనేజరని కూడా అతనికి అప్పటికి కొత్తగా తెలిసిన సంగతే. డిసెంబర్ మొదటి వారంలో నిజంగానే ఆ మేనేజర్ని పీకేశారు. ఇక అప్పట్నించీ క్యాంటీన్‌లో ఆట గురించి ఏ అనుమానం వచ్చినా అందరూ ఇతని వైపు తిరగడం మొదలైంది.

2014 మే నెలలో క్లబ్బు మళ్లీ మేనేజర్ని మార్చింది.

"స్కాట్లండ్ నించి వస్తున్నాడు. గట్టి మనిషి," అన్నాడు టెర్రీ క్యాంటీన్‌లో. "వచ్చే సీజన్‌లో పై డివిజన్‌కి పోతాం, చూస్తుండండి."

ఫోర్క్‌లిఫ్ట్ నడిపే ఫయాజ్‌ది నంద్యాల. అతను ప్రేమ్‌నాథ్ వైపు వంగి తెలుగులో అడిగాడు. "పోతారంటావా అన్నా? నువ్వు చెప్తే అట్లే అయితాది."

ప్రేమ్‌నాథ్ నోట్లో ఉన్న శాండ్‌విచ్ నమిలి మింగాడు. "అక్టోబర్ దాకా ఏమీ చెప్పలేం," అన్నాడు ఇంగ్లీషులో, అందరికీ వినపడేట్టు. పొద్దున రేడియోలో ఎవరో అన్న మాట అది. అందరూ తలలూపారు.

జూన్‌లో టెర్రీ అన్న డేవ్ గుండెపోటుతో పోయాడు. రెండు వారాల తర్వాత పనిలోకి వచ్చిన టెర్రీ, ప్రేమ్‌నాథ్‌ని తన క్యాబిన్‌లోకి పిలిచి ఓ కార్డు చేతిలో పెట్టాడు.

"డేవ్ సీజన్ టికెట్. నీ పేరు మీదకి మార్పించాను. నా పక్క సీటే. మొత్తం ఇరవై మూడు మ్యాచ్‌లు, దాదాపు అన్నీ శనివారాలే."

ప్రేమ్‌నాథ్ థాంక్స్ చెప్పాడు. కార్డు జేబులో పెట్టుకున్నాడు.

అతని భార్య సుగుణకుమారికి నర్సింగ్ హోమ్‌లో శనివారం పొద్దుట్నించి సాయంత్రం దాకా డ్యూటీ. ఆ రోజు ఏడేళ్ల కూతురు హెప్సిని ప్రేమ్‌నాథ్ కౌన్సిల్ వాళ్లు, అంటే అక్కడి మునిసిపాలిటీ వాళ్లు, నడిపే స్విమ్మింగ్ క్లాసుకి తీసుకెళ్లేవాడు. ఆ పిల్లకి నీళ్లంటే భయం. తండ్రి నడుంలోతు నీళ్లలో నిలబడి రెండు చేతులూ పట్టుకుంటేనే దిగేది. "డోంట్ లెట్ గో, డాడీ," అంటూనే ఉండేది. వారం మొత్తంలో అతను ఎవరికీ ఏమీ నటించనక్కర్లేని గంట అదొక్కటే.

కార్డు చూసి సుగుణ అడిగింది, "ఇదేందండీ?"

చెప్పాడు.

"నాకు ఫుట్‌బాల్ రాదు, ఇష్టం లేదు అని చెప్పెయ్యండి."

"ఆరేళ్ల తర్వాతా? ఇన్నాళ్లూ ఏం చేశావంటాడు."

"ఏమంటే అననివ్వండి. అబద్ధమాడింది మీరు. శనివారం పిల్లది."

సోమవారం చెబుదామనే వెళ్లాడు. టెర్రీ క్యాబిన్‌లో కూర్చుని డేవ్ స్కార్ఫు మడత పెడుతున్నాడు. మడత కుదరక మళ్లీ మళ్లీ విప్పుతున్నాడు. "వాడు పోయాక ఈ ఆట గురించి మాట్లాడుకోడానికి నాకు మిగిలింది నువ్వే," అన్నాడు తలెత్తకుండా. ప్రేమ్‌నాథ్ స్కార్ఫు అందుకుని మడత పెట్టిచ్చి బయటికొచ్చాడు.

ఆగస్టులో మొదటి మ్యాచ్. హెప్సిని ఫయాజ్ వాళ్లింట్లో దింపి వెళ్లాడు. చుట్టూ జనం లేస్తే లేచాడు, కూర్చుంటే కూర్చున్నాడు. ముందువరస వాళ్లు వెనక్కి తిరిగి, డేవ్ సీట్లో కూర్చున్నందుకు అతనికి చెయ్యిచ్చారు. హాఫ్ టైమ్‌లో టెర్రీ రెండు టీలు తెచ్చి, "కొత్త మేనేజర్ ఎట్లా ఉన్నాడు, నిజం చెప్పు," అన్నాడు.

"నాకు తెలీదు టెర్రీ," అన్నాడు ప్రేమ్‌నాథ్. "ఎప్పుడూ తెలీదు. మొదటి రోజు ఊరికే ఓ పేరు చెప్పాను. తర్వాత చదివి అప్పజెబుతూ వచ్చాను."

టెర్రీ తన టీ కప్పు కాళ్ల దగ్గర పెట్టాడు. కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది.

"ఇవాళెందుకు చెప్పావు?"

"మా అమ్మాయికి శనివారం స్విమ్మింగ్ ఉంటుంది."

"ఆ సీటు ఖాళీగా ఉంటే నేను చూడలేను," అన్నాడు టెర్రీ. "నీకు తెలిసినా తెలియకపోయినా నాకు పర్లేదు, ప్రేమ్. వచ్చి కూర్చో. ఇంకా ఇరవై రెండే గదా." మళ్లీ తనే, "రోటా సంగతి కాదు నేననేది," అన్నాడు.

ఆ మాట అనకపోయుంటే ప్రేమ్‌నాథ్‌కి రోటా గుర్తొచ్చేది కాదు.

తర్వాతి మ్యాచ్‌కీ వెళ్లాడు. ఆ తర్వాతదానికీ వెళ్లాడు. ఇదివరకు అబద్ధం బయటపడుతుందన్న భయంతో అభిమానిలా మాట్లాడేవాడు. ఇప్పుడు నిజం చెప్పినా రమ్మన్నాక, వెళ్లకపోవడానికి చెప్పుకోను ఒక్క సాకూ మిగల్లేదు. సుగుణ రెండు వారాలు అడిగి మానేసింది. హెప్సి శనివారాలు ఫయాజ్ వాళ్లింట్లో టీవీ చూస్తూ గడిపేది. సెప్టెంబర్ చివర్లో, సరిగ్గా రావడం లేదు గనక స్విమ్మింగ్ క్లాసులో ఆ పిల్ల చోటు ఇంకొకళ్లకి ఇచ్చేశామని కౌన్సిల్ నించి ఉత్తరం వచ్చింది. ప్రేమ్‌నాథ్ దాన్ని రెండుసార్లు చదివి ఫ్రిజ్ మీద పెట్టాడు.

నవంబర్‌లో ఓ ఆదివారం. అద్దెకు తీసుకున్న చర్చి హాల్లో తెలుగు ఆరాధన ముగించుకుని ముగ్గురూ బస్టాపు దగ్గర నిలబడ్డారు. ఫోన్ మోగింది. టెర్రీ.

"మేనేజర్ని పీకేశారు. ఇప్పుడే రేడియోలో చెప్పారు."

"అదేం పని? గాయాలై నలుగురు ఆటగాళ్లు బయట కూర్చుంటే వాడు మాత్రం ఏం చేస్తాడు?" అన్నాడు ప్రేమ్‌నాథ్. తన గొంతు పెద్దదవడం అతనికే వినపడింది. ఈ మాట ఏ రేడియోలోనూ విన్నది కాదు, ఏ ఫోన్‌లోనూ చదివింది కాదు. నిజంగానే కోపం వచ్చింది. ఆ కోపానికి అతనికే భయమేసింది.

"నేనూ అదే అంటున్నా," అన్నాడు టెర్రీ ఉత్సాహంగా. "ఇప్పుడు ఎవర్ని తెస్తారంటావు?"

బస్సొచ్చింది. సుగుణ రమ్మని చెయ్యూపింది. ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించాడు. ఆమె హెప్సి చెయ్యి పట్టుకుని ఎక్కేసింది. తలుపులు మూసుకున్నాయి. ప్రేమ్‌నాథ్ చర్చి ప్రహరీకి ఆనుకుని, ఆ పదవికి ఎవరు పనికొస్తారో ఎవరు పనికిరారో చెప్పడం మొదలుపెట్టాడు.