ఎనిమిది జానల మీద నాలుగు వేళ్లు

మా చిన్నమ్మాయి కారుతో సహా షెడ్డు గుమ్మంలో ఇరుక్కుపోయింది ఒక శనివారం పొద్దున్న. అప్పటికి తొమ్మిది దాటింది. పన్నెండింటికల్లా ఆ కారు పక్క ఊరి రేసు ట్రాకు మీద ఉండాలి. అక్కడ రేసు బండ్లు తయారుచేసే పెద్ద షెడ్డు ఒకటుంది. దాని యజమానిని అందరూ పెద్దాయన అనే పిలుస్తారు. నాలుగు నెలల ముందు ఆయన ఫోన్ చేసి, "నోటి మాటలు నాకొద్దు. ఆ పాత బండిని పూర్తిచేసి ఫలానా శనివారం పన్నెండింటికి ట్రాకు మీద చూపించు. నచ్చితే సోమవారం నుంచి పని నీది, మకాం కూడా ఇక్కడే. పన్నెండు దాటిందా, ఇంకొకళ్లని చూసుకుంటాను" అన్నాడట. నలభై దాటిన మనిషి మా చిన్నది. పదహారేళ్లుగా బస్సుల బాడీలకి ఒకే రకం రేకు అతుకుతూ ఉంది. అలాంటి పిలుపు దానికి మళ్లీ వస్తుందా? రాదు. ఆ సంగతి దానికీ తెలుసు, నాకూ తెలుసు.

ముందు ఆ కారు కథ చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. అది మా ఆయనది. బస్సుల డిపోలో మెకానిక్కు ఆయన. ఓ డాక్టరుగారు ఊరు మారుతూ, కదలని బండిని ఏం చేసుకోవాలో తోచక తెచ్చి ఈయన నెత్తిన పెట్టాడు. రెండే తలుపులు, ఇద్దరికే చోటు, నేలని కరుచుకుని ఉండేది. దీపాలు రెండూ పైకి పొడుచుకొచ్చి ఉంటే చూసి నేను కప్ప అన్నాను. ఆ పేరే ఖాయమైంది. ఒకప్పుడు రేసుల్లో మంచి పేరున్న బండేనట గానీ, మా ఇంటికొచ్చేసరికి అందులో ఎలకలు పిల్లాపాపలతో కాపురం ఉంటున్నాయి. ఆయన దాన్ని బాగుచేసి, ఆదివారాలు నన్నెక్కించుకుని ఊరి చివరిదాకా తిప్పేవాడు. ఎక్కడం పరవాలేదు. దిగేటప్పుడే ఇద్దరు పట్టుకుని లాగాల్సి వచ్చేది.

పెద్దది పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. చిన్నదాని దగ్గర పెళ్లి మాటెత్తితే చాలు, కారు కిందికి దూరిపోయేది. తండ్రి పోయాక ఇక పూర్తిగా షెడ్డులోనే కాపురం పెట్టింది.

"ఉన్నదున్నట్టు ఉంచితే ఇది ముసలి బండేనమ్మా. రోడ్డు మీద బుద్ధిగా నడవాలి, ట్రాకు మీద దుమ్ము రేపాలి. రెండూ రావాలి దీనికి" అనేది.

"ఒకే ఒరలో రెండు కత్తులా?" అన్నాను.

"ఒర కూడా నేనే చేస్తాగా" అంది. దాని నోటికి తాళం వేసేవాడు ఇంకా పుట్టలేదు.

అన్నంత పనీ చేసింది. ఇంజిన్ దింపి విప్పి, ఇల్లంతా పరిచి, మళ్లీ బిగించింది. పాత బ్రేకులు తీసి చిల్లుల పళ్లేల్లాంటివి పెట్టింది. స్ప్రింగులు పొట్టివి వేసి బండిని ఇంకా కిందికి దించింది. లోపల మా ఆయన కుట్టించిన మెత్తటి సీట్లు పీకేసి, ఒక్క మనిషి ఇరుక్కుని కూర్చునే గట్టి సీటు వేసింది. బరువు తగ్గాలని అద్దాలు తీసి ప్లాస్టిక్ పలకలు బిగించింది. వాటికి చెయ్యి దూరేంత కంత ఒకటి. పైన ఇనుప గొట్టాలతో పంజరంలాంటిది కట్టింది.

"ఇదెందుకే?"

"బోల్తా పడితే తల పగలకుండా."

"అసలు బోల్తా పడకుండా నడపొచ్చుగా?"

దానికి నవ్వేసింది. దీపాలు, హారను, నంబరు పలక మాత్రం ఉంచింది. రోడ్డు కోసమట.

పెద్దాయన ఫోన్ వచ్చాక వెనక చక్రాల పని పట్టుకుంది. మలుపుల్లో బండి జారకుండా పట్టుండాలంటే వెడల్పు టైర్లు కావాలంది. అవి తెచ్చి తగిలిస్తే బండి అంచు దాటి బయటికొచ్చాయి. వాటిని కప్పడానికి పాత రేకు కోసేసి, కొత్త రేకుని సుత్తితో కొట్టి కొట్టి, గాలి పూరించినట్టు రెండు బుగ్గలు చేసి అతికింది. రెండు నెలలు పట్టింది. ముట్టుకుంటే ఎక్కడ పాత రేకు ఆగి ఎక్కడ కొత్త రేకు మొదలైందో చేతికి తెలిసేది కాదు. "కప్ప కాస్తా పీత అయింది" అన్నాను. లోపల మాత్రం, దీని చేతిలో ఇంత పనుందా అనుకున్నాను.

ఇక గుమ్మం సంగతి. మా షెడ్డు మీదే పై వాటా, అందులో ఓ మేష్టారు అద్దెకుంటారు. అంతకు రెండేళ్ల క్రితం చెక్క ద్వారబంధానికి చెదలు పట్టి, ఇనుపది పెట్టించాం. ఆ రోజు చిన్నది పనికెళ్లింది. బండి చక్రాల్లేకుండా దిమ్మెల మీద ఉంది. "ఎంత వదలమంటారు? ఎక్కువ వదిలితే పై వాటాకి బలం ఉండదు" అన్నాడు మేస్త్రీ. నేనే జానలేసి కొలిచాను. బడిలో కొలతలు నేర్చుకోలేదు గానీ, నా జాన ఏనాడూ తప్పలేదు. బండి ఎనిమిది జానలు. అటో రెండు వేళ్లు, ఇటో రెండు వేళ్లు చాలన్నాను. ఎనిమిది జానల మీద నాలుగు వేళ్లు. అలాగే పెట్టాడు.

రోజూ షెడ్డు ఊడ్చేది నేనే. బుగ్గలు అతికిన మర్నాడు ఊడుస్తూ ఊడుస్తూ ఎందుకో చీపురు పక్కన పెట్టి వెనకవైపు జానలేశాను. ఎనిమిది జానల మీద ఎనిమిది వేళ్లు. చెయ్యి తుడుచుకుని మళ్లీ వేశాను. అంతే వచ్చింది.

పిలిచి చెప్పాలి కదా? చెప్పలేదు. పెట్టెలా మూసుకుపోయిన ఆ షెడ్డులోంచి బండి రాకపోతే పిల్లా పోదు. తలుపు నేను వెయ్యలేదు, తాళం నేను వెయ్యలేదు, నా తప్పేముందని నాకు నేనే చెప్పుకున్నాను. కానీ అది రంగు రుద్దుతూ కూనిరాగం తీస్తుంటే పక్కన నిలబడలేకపోయేదాన్ని. కక్కలేను, మింగలేను. అన్నం వడ్డిస్తుంటే నా వేళ్లే నన్ను వెక్కిరించేవి. రెండు నెలలు అలా గడిచాయి.

శనివారం వచ్చింది. బండినెక్కించుకుని వెళ్లడానికి లారీ వీధి మొదట్లో ఆగింది. షెడ్డు గుమ్మం దాటగానే సన్నటి సందు. ఒక పక్క మా ప్రహరీ, ఒక పక్క పై వాటాకి వెళ్లే మెట్లగోడ. చిన్నది సీట్లో కూర్చుని బెల్టులు బిగించుకుంది. "నువ్వు లోపలుండి వెనక చూడమ్మా" అంది. సరేనని నేను గోడవార నిలబడ్డాను. బండి ముందు సగం గుమ్మం దాటింది. ఆ తర్వాత కర్రున చప్పుడైంది, బండి ఆగిపోయింది. ఇంజిన్ కూడా ఆపేసింది.

అది తలుపు తెరవబోయింది. జానెడు సందు వచ్చి మెట్లగోడకి కొట్టుకుంది. అటు తలుపూ అంతే, ప్రహరీకి కొట్టుకుంది. నాకేమో ఆ గుమ్మం తప్ప వేరే దారి లేదు. దాన్ని బండి బిరడాలా మూసేసింది. లోపలంతా చీకటి, పెట్రోలు వాసన. వెనక ఎర్రదీపాల వెలుతురులో నా చెయ్యి నాకే రక్తం పూసినట్టు కనబడింది.

పైనుంచి పై వాటా మేష్టారు కేకేశారు. "ఏమ్మా, ఏదైనా కూలిందా?"

"ఏం కూలలేదు మేష్టారూ, ఇరుక్కుంది!" అంది చిన్నది కంతలోంచి.

"ఆ ఇనుప ద్వారబంధం కోసేస్తే సరి!"

"కోయొచ్చు. మీరు నిలబడ్డ గది దాని మీదే ఉంది మరి."

పైన రెండు అడుగులు వెనక్కి పడ్డ చప్పుడైంది. "అయితే వద్దులేమ్మా, నిదానంగా ఆలోచించుకోండి" అన్నారాయన.

చిన్నది తల వెనక్కి తిప్పబోయింది, పంజరం అడ్డొచ్చింది. "అమ్మా, వెనక ఎంత ఎక్కువైంది చూడు" అంది.

"నాలుగు వేళ్లు" అన్నాను.

అన్నాక గానీ నాకు తెలియలేదు. నేనింకా గోడ దగ్గరే ఉన్నాను. బండి మీద చెయ్యి కూడా వెయ్యలేదు.

"చీకట్లో అంత తొందరగా ఎలా కొలిచావు?" అంది.

ఇక ఎటు పోను? ముందు బండి, వెనక గోడ.

"ఇప్పుడు కొలవలేదు. నువ్వు బుగ్గలు అతికిన మర్నాడే కొలిచాను."

"రెండు నెలలైంది."

"ఆఁ."

"రోజూ నాకు అన్నం పెడుతూనే ఉన్నావు."

"రోజూ పెడుతూనే ఉన్నాను."

"ఎందుకు చెప్పలేదే అమ్మా?"

"చెప్తే నువ్వు సరిచేసుకుని వెళ్లిపోతావు కదే" అన్నాను. ఇంకేదో చెప్దామనుకున్నాను గానీ అంతకంటే నిజం నా దగ్గర లేదు.

తిడుతుందనుకున్నాను. తిట్టాల్సిందే. కానీ దాని భుజాలు కదలడం కనిపించింది. ఏడుస్తోందేమోనని బండి మీద వాలి చూస్తే, నవ్వుతోంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంటోంది.

"పదహారేళ్లుగా రేకు కొలిచి కోసేదాన్ని. గుమ్మం కొలవకుండా బుగ్గలు కొడతాననుకున్నావా?"

వాలినదాన్ని లేచి నిలబడ్డాను.

"కొట్లో సన్న టైర్లూ ఉన్నాయి, వెడల్పువీ ఉన్నాయి. సన్నవైతే బండి గుమ్మంలోంచి దూరిపోతుంది. తెలిసే వెడల్పువి తెచ్చాను."

"ఎందుకు పిల్లా?"

"రానని పెద్దాయనతో అనలేను. పోతానని నీతో అనలేను. బండి పట్టలేదనుకో, ఎవరితోనూ ఏమీ అనక్కర్లేదు కదా. నువ్వు రోజూ ఊడుస్తావు, చూస్తావు, ఏదో ఒకటి అంటావనుకున్నాను. వెళ్లమనో, వద్దనో. నువ్వేమో పొద్దున్నే లేచి దారిలో తినమని డబ్బా కట్టిచ్చావు."

"నువ్వే తెలుసుకుని ఆగిపోతావనుకున్నానే."

"బాగుంది. ఇద్దరం ఇద్దరమే."

"అమ్మా," మేష్టారి గొంతు మళ్లీ వినిపించింది, "తప్పుగా అనుకోకండి, నాకన్నీ వినబడుతున్నాయి."

"వింటే విన్నారు గానీ టైమెంతైంది చెప్పండి!" అన్నాను.

"పదికి పది నిమిషాలు."

చిన్నది చెప్పింది. వెనక్కి తీస్తే గుమ్మం ఖాళీ అవుతుంది, ఇద్దరం హాయిగా నడిచి బయటికి రావచ్చు. కానీ బుగ్గలు కోసి మళ్లీ అతకాలంటే వారం పని. పెద్దాయన పన్నెండు దాటితే ఆగడు. ముందుకు పోనిస్తే ద్వారబంధానికి ఏమీ కాదు, రేకు చిరుగుతుంది. చిరిగిన బండినే తీసుకెళ్లి చూపించుకోవాలి.

"నువ్వే చెప్పమ్మా" అంది.

చెప్తే నేను పంపించినట్టు. చెప్పకపోతే నేను ఆపినట్టు. ఊరుకుంటే సరిపోయే దారి ఒకటి ఇన్నాళ్లూ ఉండేది, ఇప్పుడది లేదు. పెట్రోలు వాసనకి తల తిరుగుతోంది. ఆ చీకట్లో నాకు కావలసింది ఏమిటో బాగా తెలుసు. బండి వెనక్కి రావాలి. రాత్రికి అది నా ఎదురుగా కూర్చుని అన్నం తినాలి. అలా ఎన్నేళ్లు? దాని చేతులు ఆ బస్సు రేకుల మీదే అరిగిపోయేదాకానా?

"స్టార్ట్ చెయ్యి" అన్నాను.

"ఏ గేరు?"

"మొదటిది."

ఇంజిన్ ఉరిమింది. నేను చెవులు మూసుకున్నాను. ఆ రేకు చిరిగిన చప్పుడు ఇప్పటికీ నా పళ్లకి తెలుసు. బండి ఒక్క ఉరుకు ఉరికి సందులోకి దూకింది. నా మీద ఎండ పడింది.

వీధిలోకి వెళ్లి చిన్నది దిగింది. రెండు బుగ్గలూ అంచున చిరిగి, నాలిక చాచినట్టు రేకు వేలాడుతోంది. అది చూసింది. సుత్తి తీసి, టైరుకి తగలకుండా ఆ చిరుగుల్ని లోపలికి మడిచి కొట్టింది. పది నిమిషాల్లో బండి లారీ ఎక్కింది. నాతో వెళ్లొస్తాననలేదు. నేనూ జాగ్రత్త అనలేదు. లారీ మలుపు తిరిగేదాకా మేష్టారూ నేనూ నిలబడి చూశాం.

మధ్యాహ్నం రెండింటికి ఫోన్ వచ్చింది. పెద్దాయన ముందు కారు చుట్టూ తిరిగి, "ఇదేమిటి, కుక్కలు పీకాయా?" అన్నాడట. జరిగింది జరిగినట్టు చెప్పేసిందట. ఆయన పడీపడీ నవ్వి, కింద కూర్చుని ఆ చిరుగుల్లో వేలు పెట్టి చూశాడట. రేకు చిరిగింది గానీ, అతుకు మాత్రం ఎక్కడా నూలుపోగంత కూడా విడలేదట. తర్వాత తనే ఎక్కి ట్రాకు మీద ఆరు చుట్లు తిప్పి వచ్చాడట.

"సోమవారం రమ్మన్నాడమ్మా" అంది. అని ఆగింది.

మంచిదే, సంతోషం, అలాంటి మాటలు నోటి దాకా వచ్చాయి. అవన్నీ ఊడ్చి పక్కన పెట్టాను.

"నాకు పంపించాలని లేదు. అయినా వెళ్లు" అన్నాను.

అవతల దూరంగా ఏదో బండి గిర్రున తిరుగుతున్న చప్పుడు వస్తోంది.

"నాకూ ఇక్కడికి రావాలని పూర్తిగా లేదమ్మా" అంది. "అయినా పెద్దాయనకి వస్తాననే చెప్పాను."

అది ఫోన్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.