బోరుకి యాసిడ్ స్నానం

గురువారం పొద్దున పదిన్నరకి, కొత్త కోడలూ ఆమె భర్తా తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని పిండుతుండగా ఫోను మోగింది. వాళ్ళ పెళ్ళై పందొమ్మిది రోజులు. దుప్పటి పిండడంలో ఇంత సంతోషం ఉంటుందని ఆమె చదివిన కెమిస్ట్రీ పుస్తకాల్లో ఎక్కడా లేదు. అతను అటు మెలి తిప్పితే ఆమె ఇటు తిప్పాలి. మధ్యలోంచి నీళ్ళు జలజలా కారాలి. ఎందుకో తెలియకుండానే ఇద్దరూ నవ్వాలి.

"మోగనీ. ఇప్పుడు వదిలితే కింద పడుతుంది," అన్నాడతను.

ఆమె వదిలేసింది. దుప్పటి సగం నేలమీద పడింది. ఫోనులో ఆమె చదివిన కాలేజీ ల్యాబ్ మేడమ్. ఆవిడ మాట్లాడింది నిమిషం కూడా లేదు కానీ, పెట్టేసేసరికి కోడలి కాళ్ళు నేలమీద ఆనడం లేదు. తడి చేతులు చీరకి తుడుచుకుంటూ ఇస్త్రీ గదిలోకి పరుగెత్తింది.

"అత్తయ్యా, మన బోరు చావలేదు. గొంతు పూడుకుపోయిందంతే."

అత్తయ్య నడిపే లాండ్రీకి ప్రాణం పెరట్లోని బోరు. రెండు నెలలుగా నీళ్ళు తగ్గుతూ తగ్గుతూ వచ్చి, పది రోజుల కిందట మోటారు గాలిని తోడడం మొదలుపెట్టింది. పెద్ద మిషన్లు ఆగిపోయాయి. పక్క వీధి కొళాయి నుంచి వ్యానులో డబ్బాలతో తెచ్చుకున్న నీళ్ళతో, చేతులతో ఉతుకుతున్నారు. బోరు ఎండిపోయిందని బోరు మేస్త్రీ తేల్చేశాడు. ఇంకోటి వేద్దామంటే ఆ సందులోకి డ్రిల్లింగ్ లారీ రాదు. ఇటు ఆసుపత్రి వాళ్ళు ఆదివారం దాకా గడువిచ్చారు. ఆదివారం పొద్దున నాలుగు వందల దుప్పట్లు ఉతకగలిగితే సరే, లేకపోతే పని వేరేవాళ్ళకి పోతుంది. లాండ్రీకి ఉన్న పెద్ద పని అదొక్కటే. అది పోతే తలుపులు మూయడమే. మామయ్య చనిపోయిన ఏడాది అత్తయ్య ఒక్క తొట్టితో మొదలుపెట్టిన చోటు అది.

కోడలికి మొదటినుంచీ ఒక అనుమానం. మోటారు ఆపి వదిలేస్తే నీటిమట్టం మళ్ళీ నలభై అడుగులకి వచ్చి నిలుస్తోంది. బోరు వేసిన రోజున కూడా అంతేనని అత్తయ్య గోడమీద రాయించి ఉంచింది. అంటే బయట భూమిలో నీళ్ళున్నాయి, లోపలికే రావడం లేదు. బోరులోని గొట్టానికి అడుగుభాగంలో జల్లెడలా సన్నటి చీలికలుంటాయి. నీళ్ళు రావాల్సింది వాటిలోంచే. మేస్త్రీ మోటారు పైకి లాగినప్పుడు దాని పైపుకి అంటుకున్న తెల్లటి, గోధుమరంగు పెచ్చుల్ని ఆమె కాగితంలో చుట్టి మేడమ్‌కి పంపింది. వాటిమీద చుక్క యాసిడ్ వేస్తే సోడాలా పొంగిందని ఇప్పుడు కబురు. సున్నపు గార, దానిమీద ఇనుప తుప్పు జిగురు. యాసిడ్‌తో కరిగించవచ్చు.

అత్తయ్య ఇస్త్రీ ఆపకుండానే అంతా విన్నది. అంచు మడిచి, ఇంకోసారి ఒత్తి, అప్పుడు తలెత్తింది.

"అయితే కడగాలంటావు."

"అవునత్తయ్యా."

"కడగడమేగా. అది మన పనే."

మధ్యాహ్నానికి మేస్త్రీ వచ్చాడు. ముప్పయ్యేళ్ళుగా బోర్లు వేస్తున్న మనిషి. ఎండిందని తాను చెప్పిన బోరుని నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల ఎండలేదంటే ముందు మొహం మాడ్చుకున్నాడు. ఆమె రెండు చీటీల మీద లెక్కలేసి చూపించాక, పంటి గారకి డాక్టరు దగ్గరికి వెళ్ళినట్టు బోరుకీ వెళ్ళాలన్నమాట అని నవ్వాడు. మోటారుని మళ్ళీ బయటికి తీసి, గొట్టం లోపల రుద్దడానికి తీగల బ్రష్షు, నీళ్ళని కిందికీ పైకీ కుదపడానికి రబ్బరు బిళ్ళలు బిగించిన కడ్డీ సిద్ధం చేశాడు. ఆ పూటనుంచి ఆమెకి 'సైన్సమ్మ' అని పేరు పెట్టేశాడు. భర్త వ్యాను వేసుకుని వెళ్ళి, బాయిలర్ల గార వదిలించడానికి వాడే యాసిడ్ పొడి మూడు సంచులు తెచ్చాడు. దానితోపాటు ఆమెకోసం ఎర్ర చేతి తొడుగులు తెచ్చాడు. దుకాణంలో నల్లవీ ఉన్నాయట. ఎర్రవే బాగుంటాయనిపించిందట. ఆమె ఆ తొడుగుల్ని తలగడ పక్కనే పెట్టుకుని పడుకుంది.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి పెరట్లో ప్లాస్టిక్ పీపాలో నీళ్ళు పోసి, ఆ నీళ్ళలో పొడి కొద్దికొద్దిగా కలిపారు. భర్త రక్షణ కళ్ళద్దాలు పెట్టుకుని, ఆవిరి పట్టి ఏమీ కనిపించక, మేస్త్రీ అనుకుని గోడకి నమస్కారం పెట్టాడు. మేస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వాడు. యాసిడ్‌ని చీలికల దాకా దింపడానికి సన్నటి పైపు బోరులో వేలాడుతోంది. పీపా కొళాయి మీద మేస్త్రీ చెయ్యి ఉంది.

గాలి ఎటు వీస్తోందో చూద్దామని కోడలు బోరుకి నాలుగడుగుల దూరంలో నిలబడి చేతిరుమాలు ఎత్తి పట్టుకుంది. అప్పుడు తగిలింది వాసన. ఆ ఇంట్లో బ్లీచింగ్ వాసన గోడలకే పట్టేసింది. అత్తయ్యకీ భర్తకీ, ఏళ్ళ తరబడి వచ్చిపోయే మేస్త్రీకి కూడా అది తెలియదు. ఆమె ముక్కు మాత్రం ఇంకా కొత్తది. ఇంట్లోని వాసన కాదిది. బోరు నోట్లోంచి, ఘాటుగా వస్తోంది.

"మేస్త్రీగారూ, చెయ్యి తియ్యండి," అంది. గొంతు పెంచలేదు. మేస్త్రీ చెయ్యి తీశాడు.

ఎవరైనా బోరులో ఏమైనా వేశారా అని అడిగింది. తలుపు దగ్గర టీ గ్లాసులతో నిలబడిన అత్తయ్య మొహం వెలిగిపోయింది. తెల్లారగట్ల ఐదింటికే లేచి రెండు బకెట్ల బ్లీచింగ్ పొడి వేశానని, మొండి మరకకి ముందు బ్లీచింగ్, తర్వాత మిగతావి అని, నీకు సగం పని తప్పుతుందని వేశానని గర్వంగా చెప్పింది. చెప్పకుండా చేసి ఆశ్చర్యపరుద్దామనుకుందట.

కోడలు పీపా కొళాయిని గట్టిగా బిగించింది. భర్త వంక చూసింది. అతను తల్లి వంకా భార్య వంకా చూసి నీళ్ళు నమిలాడు. ఇక చెప్పాల్సింది తనే.

"అత్తయ్యా, బ్లీచింగ్ మీద యాసిడ్ పడితే విషవాయువు వస్తుంది. ఇప్పుడు ఆ కొళాయి తిప్పి ఉంటే మనం నలుగురం ఈ పెరట్లో పడిపోయి ఉండేవాళ్ళం."

 అత్తయ్య టీ గ్లాసుల్ని మెట్టుమీద పెట్టింది.  కోడలు ఆగకుండా మిగతాది కూడా చెప్పేసింది. సగం నిజం చెప్పి తలుపు చాటున ఏడవడం ఆమెకి చేతకాదు. ఇంతకుముందు కూడా వేసేవారా అని అడిగింది. పదకొండేళ్ళుగా ప్రతి నెలా ఒకటో తారీకున వేస్తున్నానంది అత్తయ్య, నీళ్ళు తెల్లగా ఉండాలని.

"ఆ పొడిలో సున్నం ఉంటుందత్తయ్యా."

"అయితే దీని గొంతు నొక్కింది నేనేనన్నమాట."

"మీరొక్కరే కాదు. ఈ నీళ్ళలోనే సున్నం ఉంది, తుప్పు జిగురు ఉంది. మీరు కాస్త చెయ్యి వేశారంతే."

మేస్త్రీ దగ్గు నటించి మొహం తిప్పుకున్నాడు. అత్తయ్య కోడలిని తేరిపార చూసింది. ఈ పిల్ల తనని వెనకేసుకొస్తోందో వేలెత్తి చూపిస్తోందో తేల్చుకుంటున్నట్టు. తర్వాత కొంగు నడుముకి బిగించి దోపుకుంది.

"ఇప్పుడేం చెయ్యాలో అది చెప్పు."

తోడెయ్యాలి. అడుగున తెరుచుకుని మూసుకునే మూత ఉన్న పొడుగాటి గొట్టాన్ని తాడుతో దింపడం, నిండాక లాగడం, దూరంగా పారబోయడం. బోరు మూసుకుపోయి ఉండడం ఈ ఒక్కదానికే కలిసొచ్చింది. కొత్త నీళ్ళు ఊరేది తక్కువ కాబట్టి ఉన్నదాన్ని ఖాళీ చెయ్యవచ్చు. మేస్త్రీ, భర్త, అత్తయ్య, కోడలు వంతులేసుకుని తాడు లాగారు. యాభై సార్లు దాటాక లెక్క పెట్టడం మానేశారు. ఖాళీ అయ్యాక డబ్బాల నీళ్ళు పోసి, మళ్ళీ తోడారు. ఉతికిన దుప్పట్లలో బ్లీచింగ్ మిగిలిందేమో చూడడానికి లాండ్రీలో ఒక చుక్కల మందు సీసా ఉంటుంది. తోడిన నీళ్ళలో రెండు చుక్కలు వేస్తే పసుపు రంగుకి తిరిగినంతసేపూ బ్లీచింగ్ ఉన్నట్టే. పన్నెండింటికి పసుపే. రెండింటికి లేత పసుపు. మేస్త్రీకి అది చాలనిపించింది. ఆమెకి చాలదు. మూడోసారి కడిగి తోడారు. నాలుగున్నరకి చుక్కలు వేసినా నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

ఆమె అరచేతుల్లో బొబ్బలు లేచాయి. తాడు లాగేటప్పుడు ఎర్ర తొడుగులు తీసేసింది, అవి పాడైపోతాయని. భర్త ఆ సంగతి కనిపెట్టి, తొడుగులున్నది చేతులు కాపాడడానికా, చేతులున్నది తొడుగులు కాపాడడానికా అని అడిగాడు.  అతను తన జేబురుమాలు చింపి రెండు అరచేతులకీ కట్టాడు. ముడి వేస్తుంటే అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆ చెవులు చూస్తూ ఇంకో వంద సార్లు తాడు లాగగలననిపించిందామెకి.

ఐదింటికి, గాలి వీపు వెనకనుంచి వీస్తుండగా, యాసిడ్ దింపారు. ఎవరూ బోరు మీదికి వంగకూడదని ఆమె ముందే గట్టిగా చెప్పింది. లోపల గార కరుగుతుంటే పైకి వచ్చే గాలి కూడా మంచిది కాదు. దూరం నుంచే వినిపించింది, వంద సోడా సీసాలు ఒకేసారి తెరిచినట్టు బుసబుసమంటూ. పనిచేస్తోందన్నాడు మేస్త్రీ, మొదటిసారి మనస్ఫూర్తిగా. చుట్టూ తాడు కట్టి, రాత్రికి దాన్ని దాని మానాన వదిలేశారు.

శనివారం పొద్దున అడుగునుంచి కొంచెం నీళ్ళు తీసి రంగు కాగితం ముంచింది కోడలు. యాసిడ్ బలంగా ఉంటే కాగితం ఎర్రగా తిరగాలి. లేత నారింజ దగ్గరే ఆగిపోయింది. అంటే గార యాసిడ్‌ని తినేసింది, లోపల గార ఇంకా మిగిలే ఉంది. రెండో విడత వెయ్యాలంది.

మేస్త్రీ గడియారం చూశాడు. సాయంత్రంలోగా నీళ్ళు రాకపోతే ఇంత చేసీ దండగేనని, ఉన్నదానితో మోటారు దింపేద్దామని అన్నాడు. అతని మాటలోనూ న్యాయం ఉంది. భర్త కూడా ఆమె వంక సందేహంగా చూశాడు. ఆమె అత్తయ్య వంక చూసింది. లాండ్రీ ఆవిడది, గడువు ఆవిడది.

"మరక సగం పోయిన దుప్పటి మడత పెట్టి ఇవ్వను నేను," అంది అత్తయ్య. "కలుపు."

రెండో విడత వేశారు. ఈసారి ఊరికే వదల్లేదు. ముందు బ్రష్షు దింపి రుద్దారు. తర్వాత రబ్బరు బిళ్ళల కడ్డీని కిందికీ పైకీ, కిందికీ పైకీ ఆడించారు. కిందికి తోసినప్పుడు యాసిడ్ చీలికల్లోంచి బయటి ఇసుకలోకి పోవాలి, పైకి లాగినప్పుడు కరిగిన మురికితో వెనక్కి రావాలి. మిషన్‌లో దుప్పటి అటూ ఇటూ కొట్టుకున్నట్టేనని అత్తయ్యకి ఒక్క మాటలో అర్థమైంది. అప్పటినుంచి ఆవిడే లయ చెప్పింది. "కింద, పైన, ఆగు. కింద, పైన, ఆగు." మేస్త్రీ అంతటివాడు ఆ లెక్క తప్పితే తిట్లు తిన్నాడు.

రెండింటికి కాగితం ముంచితే ఎర్రగా తిరిగింది. అరగంట ఆగి ముంచినా అదే ఎరుపు. యాసిడ్‌కి తినడానికి లోపల ఇంకేమీ మిగల్లేదు. మోటారు దింపి, వచ్చిన నీళ్ళని పెరట్లో తవ్విన గుంటలోకి వదిలారు. గుంటలో లాండ్రీలోని బట్టల సోడా పొడి బస్తాలు కుమ్మరించి యాసిడ్ విరిచేశారు. మొదట బురదలాంటి నీళ్ళు, తర్వాత డికాషన్ రంగు, ఆ తర్వాత పల్చని టీ. మధ్యలో ఒకసారి పైపు దగ్గి, గాలి ఊది, ఆగిపోయింది.  మోటారులో ఇసుక చేరిందని మేస్త్రీ ఆపి, నిమిషం తర్వాత మళ్ళీ వేశాడు. దబ్బున తెల్లటి ధార పడింది. కోడలు రంగు కాగితం పెట్టింది. ఈసారి రంగు మారలేదు.

రెండు వందల లీటర్ల పీపా కింద పెట్టారు. పది రోజుల కిందట ఆ పీపా సగం నిండేలోగానే మోటారు గాలి తోడింది. ఇప్పుడది రెండు నిమిషాల్లో నిండి పొర్లింది. ఒక్క పీపాతో ఆమె నమ్మలేదు. గంటసేపు ఆపకుండా నడిపించి, టేపు దింపి నీటిమట్టం కొలిపించింది. తొమ్మిది అడుగులు దిగి అక్కడే నిలబడి ఉంది. మేస్త్రీ టేపు చుట్టుకుంటూ, ముప్పయ్యేళ్ళలో ఎన్ని బోర్లని ఇలా బతికుండగానే పూడ్పించానో అని తనలో తాను అనుకున్నాడు. ఆ మాట అతను ఎవరికోసమూ అనలేదు కానీ కోడలికి వినిపించింది. సోమవారం ఆ లెక్కల చీటీలు ఇంకోసారి చూపించమని ఆమెని అడిగాడు.

భర్త తడిసి ముద్దై, పొర్లుతున్న పీపాలో చెయ్యి పెట్టి ఆమె మొహం మీద నీళ్ళు చిలకరించాడు. ఆమె ఎర్ర తొడుగు విప్పి దాన్నిండా నీళ్ళు పట్టి అతని నెత్తిన పోసింది. అత్తయ్య చూసీ చూడనట్టు ఫోను తీసి ఆసుపత్రి స్టోరు ఆయనకి చేసింది. రేపు పొద్దున్నే వ్యాను పంపిస్తాను, దుప్పట్లు కట్టి ఉంచమంది. నాలుగు వందలూనా అని ఆయన అడిగినట్టున్నాడు. మీ దగ్గర ఎన్నుంటే అన్నీ అంది.

ఫోను పెట్టేసి ముగ్గురివైపు తిరిగింది.

"రేపు ఆరింటికి మొదటి మిషన్ తిరగాలి. మేస్త్రీ, నువ్వు మోటారు దగ్గర. ఒక పూట నీ బోర్లు ఆగుతాయిలే. అమ్మాయ్, నువ్వు గంటగంటకీ నీటిమట్టం కొలిచి గోడమీద రాయి. ఆ చేతులతో ఒక్క దుప్పటి ముట్టుకున్నా ఊరుకోను. ఏడింటికి వస్తే చాలు."

"నేనూ ఏడింటికేనా అమ్మా?" అన్నాడు కొడుకు.

"నువ్వు ఐదింటికి. వ్యానులో డబ్బాలన్నీ దింపి, దుప్పట్లకి చోటు చెయ్యి."