ప్రతి జనవరిలో వచ్చే అత్యవసరం

ఏటా జనవరిలో ఉకయాలి నది గట్టు దాటుతుంది. పాములు మెరక వెతుక్కుంటూ ఇళ్లలోకి చేరతాయి. సరిగ్గా ఆ వారంలోనే ఒడ్డునున్న ఆస్పత్రిలో కొనుగోళ్ల అధికారిణి సొరైదా తనాంతా బల్ల మీదికి ‘అత్యవసర కొనుగోలు’ అని రాసిన దస్త్రం వస్తుంది. ఆ రెండు మాటలుంటే టెండరు పిలవనక్కరలేదు. డైరెక్టరు చెప్పిన దుకాణంలో పాము విషానికి విరుగుడు మందు ఏడాదికి సరిపడా నేరుగా కొనవచ్చు. ఆరేళ్లుగా ఆమె మారుమాట లేకుండా సంతకం చేస్తూ వచ్చింది. అందులో అన్యాయం ఉన్నదని ఎవరికీ తోచలేదు. అన్యాయం అలవాటుగా మారితే ఎవరికీ తోచదు.

ఆ ఉదయం వార్డులో నిల్దా అనే అరటితోట కూలీ పడి ఉంది. జెర్గోన్ అనే విషప్పాము కాటుకు ఆమె పాదం నల్లబడి, వాపు మోకాలి వైపు పాకుతోంది. ఫ్రిజ్‌లో మిగిలిన రెండు సీసాలూ ఎక్కించేశారు. ఇంకా నాలుగు కావాలి, మధ్యాహ్నంలోగా.

డైరెక్టరు డాక్టర్ బర్దాలెస్ దస్త్రం ముందుకు తోశాడు. “నాలుగు వందల సీసాలు. రేవులో మా బావమరిది దగ్గర సరుకు సిద్ధంగా ఉంది. సంతకం పెట్టండి సొరైదా గారూ, చదువుకోవడానికి తర్వాత బోలెడు టైముంది.”

గుమ్మంలో నిలబడిన వృద్ధ నర్సు, మదర్ అసుంతా, మెల్లగా అంది. “పోయినేడూ ఇలాగే తొందరపెట్టారమ్మాయీ. వచ్చిన వాటిలో సగం గడువు దాటినవే. పడవ నడిపే ఎలియాసర్ కాలు తీసేశాం, గుర్తుందా?”

సొరైదా లేచి బీరువాలోని పాత దస్త్రాలు తీసింది. ఆరు దస్త్రాలు, ఆరూ జనవరి రెండో వారానివే. చివరిదాని అడుగున మందుల గది వాళ్లు పోయిన జూన్‌లో రాసిన ఉత్తరం ఉంది: వానలకు ముందే టెండరు పిలవండి. దాని మీద డైరెక్టరు చేతిరాత: ‘చూద్దాం.’

వరండాలోంచి నిల్దా భర్త సెగుందో గొంతు వినిపించింది. “ఏమ్మా, పాము ఏ కాగితమూ అడక్కుండానే కరిచింది. మీకింకా ఎన్ని కాగితాలు కావాలి?”

సొరైదా కొత్త కాగితం తీసుకుని రాస్తూ అంది. “నలభై సీసాలు, డాక్టర్ గారూ. నిల్దాకి నాలుగు, తక్కినవి టెండరు పూర్తయ్యే నెలన్నరకి. దీనికి అత్యవసరమని సంతకం పెడతాను. మిగతాదంతా బహిరంగ టెండరు.”

“మా బావమరిది విడిగా అమ్మడు. నాలుగు వందలైతేనే ఇస్తాడు. ఆ రోగి పోతే పూచీ మీదే.”

“అయితే అమ్మనన్న మాట రాసిమ్మనండి. కింద మీరూ సంతకం చేయండి. సెగుందోకి నేనే చదివి వినిపిస్తాను.”

వరండాలో సెగుందో లేచి నిలబడ్డాడు. డైరెక్టరు అతని వైపు చూసి, గోడ గడియారం వైపు చూసి, తన దస్త్రం వెనక్కి లాక్కున్నాడు. “నలభై తెచ్చుకోండి. ఎగువ ఊరికి మీ బదిలీ కాగితం రేపే తయారవుతుంది.”

“అక్కడా పాములుంటాయి, డాక్టర్ గారూ.”

మంచుపెట్టె పట్టుకుని మదర్ అసుంతా స్వయంగా రేవుకు వెళ్లింది. ఒక్కొక్క సీసా మీద తేదీ చదివి, గడువు దాటిన పెట్టెను దుకాణదారు ముందే పక్కకు తోసి, మంచివే తెచ్చింది. పన్నెండు కాకముందే నిల్దాకు మందెక్కింది. వాపు మోకాలి దగ్గర ఆగింది.

అప్పుడు సొరైదా పాత దస్త్రాలు ఆరూ, జూన్ నాటి ఉత్తరమూ కట్టగట్టి తనిఖీ శాఖకు పంపడానికి సిద్ధం చేసింది.

“నీ సంతకాలు కూడా పంపుతున్నావా?” అని మదర్ అడిగింది.

“వాటినే పైన పెట్టాను, మదర్.”

కట్టతో పంపిన ఉత్తరాన్ని ఆమె ఇలా ముగించింది: “నది జనవరిలో పొంగుతుందని మాకు జూన్‌లోనే తెలుసు. తెలిసీ ఊరుకుని, చివరి రోజున రోగిని చూపించి సంతకం పెట్టించుకోవడం దొంగతనం, పెట్టడం దానికి తోడ్పాటు. ఆపద ఉన్నంత మేరకే అత్యవసరంగా కొనాలి, మిగిలినదంతా వేళకు ముందే, నలుగురి ఎదుట కొనాలి.”