నీలం సంచీ

తొంభై ఆరులో, రంజాన్ పండగకి ముందరి గురువారం నాడు, గల్ఫ్‌లోని మనామా నగరంలో, ఉమ్మ్ అల్ హస్సామ్‌లోని అరబ్బు మేడం ఇంట్లో ఒక సంచీ పోయింది. దళసరి నీలం కాగితం, పట్టుకోవడానికి పట్టుతాళ్ళు, మీద వెండి అక్షరాల్లో లండన్‌లోని పెద్ద దుకాణం పేరు. వందేళ్ళ కిందట ఒక్క గదిలో టీ పొడి అమ్మిన కొట్టట అది. ఓసారి తగలబడి, మళ్ళీ లేచి, ఐదంతస్తులైందట. పియానో మొదలు పిల్లికూన దాకా అక్కడ దొరకనిది లేదని మేడం చెబుతుంటే, ఆ ఇంట్లో పనిచేసే నరసాయమ్మ అంట్లు తోమడం ఆపి మరీ వినేది.

మేడం ఆ సంచీలు పారేసేది కాదు. మనామా బజారులో కొన్న మిఠాయిలే వాటిలో పెట్టి, పండక్కి చుట్టాలకి పంపేది. పైన పల్చని గుడ్డ పరిచి వాటిని ఇస్త్రీ చేసి, బీరువాలో పెట్టే పని నరసాయమ్మది.

ఒకటి తీసింది కూడా ఆమే. తోటి పనిమనిషి ముత్తెమ్మ రెండు నెలల సెలవు మీద ఊరికి బయల్దేరుతోంది. ఊళ్ళో ఉన్న తన కూతురు లక్ష్మిప్రసన్నకి ఇవ్వమని నరసాయమ్మ సబ్బులు, పౌడరు డబ్బా ఆ సంచీలో సర్ది ఆమెకిచ్చింది.

"సబ్బులకింత పెళ్ళికూతురి ముస్తాబేంటే?" అని నవ్వింది ముత్తెమ్మ.

"మేడమే ఇచ్చిందక్కా. మన వీధిలో వాళ్ళూ ఓసారి చూడనీ."

మర్నాడు బీరువాలో ఒక సంచీ తక్కువైందని మేడం పనివాళ్ళ పెట్టెలు తెరిపించింది. సంచీ ముత్తెమ్మ పెట్టెలో దొరికింది.

"ఎవరిచ్చారు?" అంది మేడం, హిందీలో.

ముత్తెమ్మ నరసాయమ్మ వైపు చూసింది. నరసాయమ్మ తల వంచుకుంది. ముత్తెమ్మకి అర్థమైపోయింది.

"నేనే తీశాను మేడం. ఖాళీదే కదా అనుకున్నాను."

నాలుగు తిట్లతో పోతుందనుకుంది పాపం. "ఖలాస్. వెళ్ళినదానివి మళ్ళీ రావద్దు" అంది మేడం.

గుమ్మం దగ్గర నరసాయమ్మ ఏదో అనబోయింది.

"నోర్ముయ్యవే. ఇద్దరం పోతే ఎవరికి లాభం?" అని, సబ్బులు పాత తువ్వాల్లో మూటగట్టుకుని ముత్తెమ్మ కారెక్కింది.

ఆ సాయంత్రం మేడం సంచీని నరసాయమ్మకే ఇచ్చింది, ముడతలు తీయమని. తీసింది. పండగనాడు అది మిఠాయిలతో ఈసా టౌన్‌లోని మేడం ఆడపడుచు ఇంటికి వెళ్ళింది.

నెల తిరక్కుండా కూతురి ఉత్తరం వచ్చింది: ముత్తెమ్మ పెద్దమ్మ ఇంటికొచ్చి సబ్బులిచ్చింది, నిన్ను బాగా చూసుకుంటున్నారని చెప్పింది. ఆ వాక్యం దాటి నరసాయమ్మ చదవలేకపోయింది.

ఏడాదైంది. ముత్తెమ్మ చోట కొత్త మనిషి వచ్చింది. సంచీ తీసింది తానేనని నరసాయమ్మ మేడంకి ఇంకా చెప్పలేదు.